ఏడు కిలోల్లో ఊరెళ్లి రావడం: నెల్లూరు, ఒంగోలు వాళ్లకు ఒక్క బ్యాగు ప్రయాణ మార్గదర్శి

నెల్లూరు నుంచి ఢిల్లీకి విమానంలో పోవాలంటే ముందు ఆ విమానం దాకా పోవాలి. నెల్లూరులోనూ, ఒంగోలులోనూ విమానం ఎక్కే వీలు లేదు. నెల్లూరు వాళ్లకు చెన్నై సుమారు 175 కిలోమీటర్లు, కాదంటే రేణిగుంట. ఒంగోలు వాళ్లకు గన్నవరం దగ్గర. ఇంటి ముందు ఆటో, ఆటో దిగితే రైలో బస్సో, అది దిగాక మెట్రో, ఆ తర్వాతే విమానం. చెక్-ఇన్ సామాను 15 కిలోలు ఉచితమే కదా అని సూట్‌కేసు నింపేస్తాం. ఆ 15 కిలోలూ విమాన సంస్థ మోసేది విమానాశ్రయం లోపలే. మిగతా దారంతా మోత మనదే.

అందుకే మన వైపు వాళ్లకు చేతి బ్యాగు ప్రయాణం పనికొచ్చినంతగా హైదరాబాద్ వాళ్లకు కూడా పనికిరాదంటాను. కింద చెప్పేదంతా నాలుగు నుంచి ఏడు రోజుల ప్రయాణానికి. పెళ్లి, ఆఫీసు పని, పిల్లల దగ్గరికి వెళ్లి రావడం, ఊరికే తిరగడం, ఏదైనా సరే. నెల రోజులైనా పెద్ద తేడా రాదు, అక్కడ బట్టలు ఉతుక్కోవడం ఒకటి ఎక్కువవుతుంది, అంతే.

ముందు టికెట్, తర్వాత దారి

బట్టలు తీయకముందే టికెట్ మీద సామాను గురించి రాసిన చోటు చదవండి. దేశంలో తిరిగే విమానాల్లో ఎకానమీ టికెట్‌కు సాధారణంగా 7 కిలోల చేతి బ్యాగు ఒకటి. కొలత సుమారుగా 55 సెంటీమీటర్ల పొడవు, 35 వెడల్పు, 25 మందం. చక్రాలు, పిడి కూడా ఆ కొలతలోకే వస్తాయి. దానికి తోడు లాప్‌టాప్ సంచి గానీ, ఆడవాళ్ల హ్యాండ్‌బ్యాగు గానీ ఇంకొకటి పట్టుకోనిస్తారు. ఇండిగో లాంటి వాటిలో ఆ రెండోది 3 కిలోల దాకా ఉండొచ్చు.

విదేశీ చౌక విమానాల లెక్క వేరు. చెన్నై నుంచి కౌలాలంపూర్ పోయే ఎయిర్‌ఏషియాలో రెండు సంచులూ కలిపి 7 కిలోలే. సింగపూర్ స్కూట్‌లో రెండూ కలిపి 10. ఇవి మారుతుంటాయి కాబట్టి ఎవరో చెప్పారని కాకుండా మీ టికెట్ మీద ఉన్నదే నమ్మండి. వెళ్లేది ఒక సంస్థలో, వచ్చేది ఇంకో సంస్థలో అయితే తక్కువ బరువు ఇచ్చేదాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

తర్వాత దారి. రైల్లో చెన్నై సెంట్రల్‌లో దిగితే ఎదురుగా ఉన్న మెట్రోలో నేరుగా విమానాశ్రయం దాకా పోవచ్చు, బ్లూ లైన్‌లో మధ్యలో మారే పని లేదు. బస్సులో వెళితే మాధవరంలో దించేవే ఎక్కువ. అక్కడి నుంచి విమానాశ్రయం ఊరికి ఆ చివర. బ్యాగు చిన్నదైతే రైలు, మెట్రో చాలు. పెద్దదైతే కారు మాట్లాడుకోక తప్పదు, ఆ ఖర్చు టికెట్‌లో సగం దాకా లాగేసే రోజులూ ఉంటాయి.

రైల్లో బరువుకు ఇబ్బంది లేదు. స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో 40 కిలోలు, సెకండ్ ఏసీలో 50 కిలోలు ఉచితం. ఇబ్బందంతా ఎక్కడంలోనే. వందేభారత్ లాంటివి నెల్లూరు, ఒంగోలు స్టేషన్లలో ఆగేది ఒకటి రెండు నిమిషాలే, తలుపులు వాటంతట అవే మూసుకుంటాయి. రెండు సూట్‌కేసులు, ఒక అట్టపెట్టె, చంకలో పిల్లాడు ఉంటే ఆ నిమిషంలో పడే టెన్షన్ చెప్పనక్కర్లేదు. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా రొట్టెల పండగ జరిగేటప్పుడు నెల్లూరు స్టేషన్‌లో ఒక్క సంచితో ఎక్కడమే గగనం.

బ్యాగుకే ఎంత బరువు పోతుందో చూడండి

చాలామంది చూసుకోనిది ఇదే. నాలుగు చక్రాల గట్టి ట్రాలీ, క్యాబిన్ సైజుది కూడా, ఖాళీగానే రెండున్నర నుంచి మూడు కిలోలు ఉంటుంది. ఏడులో మూడు అక్కడే పోయాయి. మంచి గుడ్డతో కుట్టిన వీపు బ్యాగు కిలో, కిలోంపావు ఉంటుంది. అంటే బ్యాగు మార్చినందుకే మీకు ఒకటిన్నర కిలో మిగులుతుంది. ఆరేడు చొక్కాల బరువు అది.

వీపు బ్యాగు కొనేటప్పుడు 35 నుంచి 40 లీటర్లది చూడండి. సూట్‌కేసులాగా జిప్పు చుట్టూ తెరుచుకునేది తీసుకోండి. పైనుంచి మాత్రమే తెరుచుకునే కాలేజీ బ్యాగులో అడుగున ఉన్న బనీను కోసం మొత్తం బయటికి లాగాలి. భుజం పట్టీలు వెడల్పుగా, మెత్తగా ఉండాలి. ఛాతీ దగ్గర అడ్డంగా బిగించే చిన్న పట్టీ ఉంటే ఇంకా మంచిది. షాపులో ఖాళీ బ్యాగు తగిలించుకుని చూస్తే ఏమీ తెలియదు. అక్కడే ఉన్న రెండు మూడు సంచులు అందులో కుక్కమని అడగండి, నవ్వుకున్నా పెడతారు.

నడుంనొప్పి, భుజం నొప్పి ఉన్నవాళ్లకు వీపు బ్యాగు మంచిది కాదు. వాళ్లు రెండు చక్రాల తేలిక గుడ్డ ట్రాలీ తీసుకోవాలి. మన రోడ్ల మీద నాలుగు చిన్న చక్రాల కన్నా రెండు పెద్ద చక్రాలే నయం.

మంచం మీద పరవండి

బయలుదేరడానికి మూడు రోజుల ముందు, తీసుకెళ్లాలనుకున్నవన్నీ మంచం మీద పరవండి. బ్యాగులో పెట్టకండి. బ్యాగులోకి పోయిన వస్తువు కంటికి కనపడదు, కనపడనిదాన్ని తీసేయడం కష్టం. పక్కనే ఒక కాగితం మీద రోజులు వేసి, ఏ రోజు ఏ పనో రాయండి. సోమవారం ప్రయాణం, మంగళవారం పెళ్లి, బుధవారం ఊరు చూడటం. ఒక్కో వస్తువును తీసుకుని ఇది ఏ రోజుకు అని అడగండి. రోజు చెప్పలేకపోతే అది బీరువాలోకి. "అవసరపడుద్దేమో" అన్న మాటతో వచ్చేవి గొడుగు, మందులు తప్ప మిగతావన్నీ అక్కడ కొట్లో దొరికేవే.

వెళ్లే ఊరి వాతావరణం ఫోన్‌లో చూడండి. మే నెలలో రోహిణి కార్తెకు రోళ్లు పగులుతుంటే ఇక్కడ కూర్చుని ఢిల్లీ డిసెంబర్ చలిని ఊహించడం మన వల్ల కాదు. అందుకే నెల్లూరు వాళ్లు చలి ఊరికి పోతే భయానికి రెండు లావు స్వెట్టర్లు, ఒక దుప్పటి పెట్టుకుంటారు. లావుది ఒకటి వేసుకోవడం కన్నా పల్చనివి మూడు ఒకదానిమీద ఒకటి వేసుకుంటేనే వెచ్చదనం ఎక్కువ, మధ్యలో గాలి నిలుస్తుంది కాబట్టి. లోపల థర్మల్, దానిమీద చొక్కా, పైన స్వెట్టర్, గాలి ఆపే జర్కిన్. ఇందులో రెండు ఎలాగూ ఒంటి మీదే పోతాయి.

బట్టలు: అసలు లెక్క

ఐదు రోజులకు ఐదు జతలు అక్కర్లేదు. ఒంటి మీద ఒక జత, బ్యాగులో మూడు పైబట్టలు, ఒక ప్యాంటు. ప్యాంట్లు నలుపు, ముదురు నీలం, ఖాకీ లాంటివైతే ఏ చొక్కా అయినా నప్పుతుంది. జీన్స్ తీసుకెళితే ఒక్కటే, అదీ ఒంటిమీద. జీన్స్ ప్యాంటు 600 నుంచి 800 గ్రాములు ఉంటుంది, ఉతికితే తడి ఆరదు. పల్చని కాటన్ ప్యాంటు 450 గ్రాములే.

టర్కీ టవల్ ఇంట్లోనే పెట్టేయండి. అరకిలో బరువు, తడిస్తే కిలో. దాని బదులు మన తుండుగుడ్డ. 150 గ్రాముల లోపే, ఒళ్లు తుడుచుకోవచ్చు, గంటలో ఆరుతుంది, ఎండలో తలకు చుట్టుకోవచ్చు, రైల్లో దిండు మీద పరుచుకోవచ్చు, ఉతికిన చొక్కా నీళ్లు పిండటానికి కూడా అదే. రాత్రికి లుంగీ ఉంటే నైట్‌ప్యాంటు అక్కర్లేదు, చలేస్తే కప్పుకోవడానికీ పనికొస్తుంది.

మగవాళ్ల బ్యాగు ఒకటి తూచి చూద్దాం. వీపు బ్యాగు 1000 గ్రాములు, పైబట్టలు మూడు కలిపి 600, ప్యాంటు 450, లుంగీ 250, లోపలి బట్టలు 450, సాక్సులు 100, తుండు 150, చెప్పులు 300, స్నానం సామాను 500, మందులు 150, ఛార్జర్లు, పవర్ బ్యాంకు కలిపి 600, కాగితాలు, పుస్తకం 300. మొత్తం 4850 గ్రాములు. ఏడు కిలోల్లో ఇంకా రెండు కిలోల పైన మిగిలింది. ఆ రెండు కిలోలు దేనికో కింద చెబుతాను.

ఆడవాళ్లకు పెళ్లి ప్రయాణమే కష్టం. పట్టుచీర, జాకెట్టు, లంగా కలిపితే కిలోకు అటూ ఇటూ. రెండు పట్టుచీరలు దాటితే చేతి బ్యాగు ఆశ వదులుకోవాల్సిందే. ముహూర్తానికి ఒక పట్టుచీర, రిసెప్షన్‌కు షిఫానో జార్జెట్టో ఒకటి పెట్టుకోండి. అవి అందులో సగం బరువే, నలగవు, ఇస్త్రీ అక్కర్లేదు. వెంకటగిరి కాటన్ తేలికే గానీ గంజి పెట్టినది బ్యాగులో నలిగిపోతుంది, ప్రయాణంలో కట్టుకుని వెళ్లడానికే బాగుంటుంది. రెండు చీరలకూ సరిపోయే రంగు లంగా ఒకటే పెట్టుకోవచ్చు. నగలు ఎప్పుడూ మీ దగ్గరుండే హ్యాండ్‌బ్యాగులోనే. చేతి బ్యాగునైనా విమానం నిండిపోయిందని గేటు దగ్గర తీసుకుని కింద సామాను అరలో వేసే సందర్భాలున్నాయి.

చెప్పులూ బూట్లూ కలిపి రెండు జతలు. బరువైనది కాళ్లకు, తేలికది బ్యాగుకు. మూడో జత ఎంత అందంగా ఉన్నా వద్దు.

కుటుంబంతో పోయేటప్పుడు ఒక్కొక్కరికీ విడిగా పేస్టు, సబ్బు, దువ్వెన, ఛార్జర్ పెట్టకండి. నలుగురికి ఒక పేస్టు, రెండు తుండ్లు, రెండు ఫోన్లు పెట్టే వీలున్న ఛార్జర్ ఒకటి. ఇక్కడే కిలో దాకా తగ్గుతుంది.

స్నానం సామాను, ద్రవాల గొడవ

విదేశీ ప్రయాణమైతే రూలు స్పష్టం. ద్రవం, పేస్టు, క్రీము ఏదైనా ఒక్కో డబ్బా 100 మిల్లీలీటర్లు మించకూడదు. అన్నీ కలిపి ఒక లీటరు పట్టే పారదర్శక జిప్ కవర్లో పట్టాలి. 200 మిల్లీలీటర్ల సీసాలో కొంచెమే మిగిలి ఉంది అంటే కుదరదు, చూసేది సీసా సైజే.

మనకు దీనికి పెద్ద పరిష్కారం కిరాణా కొట్టు ముందే వేలాడుతుంటుంది. షాంపూ ప్యాకెట్లు. రోజుకు ఒకటి చొప్పున లెక్కపెట్టి చింపుకుంటే చాలు, వచ్చేటప్పుడు ఆ బరువు కూడా ఉండదు. కొబ్బరి నూనె చిన్న సీసా, పేస్టు చిన్న ట్యూబు, అమృతాంజనం చిన్న డబ్బా. ఒంటి సబ్బు సగానికి కోసి పెట్టుకోండి. బట్టల సబ్బు ముక్క ఒకటి, లిక్విడ్ కాదు. సబ్బు ఘనపదార్థం, ఏ విమానాశ్రయంలోనూ దానితో పేచీ లేదు. కత్తెర, బ్లేడు, లైటర్, అగ్గిపెట్టె చేతి బ్యాగులో పెట్టకండి.

ఛార్జర్లు, మందులు, కాగితాలు

పవర్ బ్యాంకు చేతి బ్యాగులోనే ఉండాలి, చెక్-ఇన్‌లో వేయకూడదు. 100 వాట్-అవర్ల దాకా ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. మీ పవర్ బ్యాంకు మీద 20,000 ఎంఏహెచ్ అని ఉంటే దాన్ని 3.7తో గుణించి 1000తో భాగించండి, 74 వాట్-అవర్లు వస్తుంది. 27,000 దగ్గర 100 అవుతుంది. దాని మీద అంకెలు చెరిగిపోయి ఉంటే ఆపేస్తారు, కొత్తది తీసుకోండి. 20,000ది అరకిలో దాకా తూగుతుంది, మన ప్రయాణానికి 10,000ది చాలు. గల్ఫ్ వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: ఎమిరేట్స్ 2025 అక్టోబర్ 1 నుంచి ఒక్క పవర్ బ్యాంకునే రానిస్తోంది, విమానంలో దాన్ని వాడనివ్వదు.

బీపీ, షుగర్ మాత్రలు స్ట్రిప్పులతోనే పెట్టుకోండి, విప్పి డబ్బాలో పోయొద్దు. డాక్టరు చీటీ ఫోటో ఫోన్‌లో ఉండాలి. ఇన్సులిన్ ఎప్పుడూ చేతి బ్యాగులోనే. కింద సామాను అరలో గడ్డకడితే ఇక పనిచేయదు. రోజుల లెక్కకు రెండు రోజుల మాత్రలు ఎక్కువ వేసుకోండి, రైలు ఆలస్యమైతే పనికొస్తాయి.

ఆధార్, టికెట్లు ఫోన్‌లో ఉన్నా ఒక కాగితం నకలు ఉంచుకోండి. ఫోన్ ఛార్జింగ్ అయిపోవడం ఎప్పుడూ గేటు దగ్గరే జరుగుతుంది.

తిండి: ఇక్కడే అసలు గొడవ

మన ఇళ్లలో బ్యాగు బరువు పెరిగేది బట్టలతో కాదు. బయలుదేరే రోజు పొద్దున వంటింట్లోంచి వచ్చే డబ్బాలతో. "అబ్బాయా, ఆడ ఇట్టాంటియ్యి దొరకవురా" అంటూ అమ్మ ఒకటి పెడుతుంది. అది కాదంటే మొహం చిన్నబుచ్చుకుంటుంది. ఈలోగా అత్త పచ్చడి సీసా తెస్తుంది. జిప్పు పట్టదు, మోకాలితో అదిమి పెట్టి లాగుతారు, బస్సుకు టైమవుతుంది.

దీనికి ఒకటే మార్గం. వారం ముందే అంకె చెప్పేయండి. "అమ్మా, నీకు కిలోన్నర. ఏం పెడతావో నీ ఇష్టం." పైన మిగిలిందే ఆ రెండు కిలోలు, అందులో అరకిలో తిరుగు ప్రయాణానికి పోను ఇది అమ్మది. వద్దు అన్న మాటకు వచ్చే కోపం అంకెకు రాదు. ఏది ముఖ్యమో ఆమే తేల్చుకుంటుంది, వంటింటి త్రాసు మీద ఆమే తూస్తుంది. నాలుగు రకాలు కొంచెం కొంచెం పెట్టడం మాని ఒకటి రెండు రకాలు నిండుగా పెడుతుంది. అందరికీ అదే మేలు.

ఏవి పోతాయి, ఏవి పోవు అన్నది తెలిసి ఉండాలి. చెక్కలు, అరిసెలు, సున్నుండలు చేతి బ్యాగులో హాయిగా పోతాయి. అరిసెలు బరువు ఎక్కువ, చోటు తక్కువ. చెక్కలు తేలికే గానీ చోటు మింగుతాయి, నలిగితే పొడి. స్టీలు డబ్బా వద్దు, ఖాళీ డబ్బానే మూడు నాలుగు వందల గ్రాములు, పైగా దాన్ని తిరిగి తేవాలి. మందపాటి జిప్ కవర్, దానిమీద ఇంకో కవర్.

నెల్లూరు మలై కాజాకు కొంచెం శ్రద్ధ కావాలి. పాకం ఊరుతూ ఉంటుంది. మిఠాయి కొట్లో అట్టపెట్టెలో ఇస్తారు, అలాగే బ్యాగులో పెడితే చెన్నై చేరేలోపు అడుగు చెమ్మబారి చొక్కా అంటుకుంటుంది. పల్చని ప్లాస్టిక్ డబ్బాలో బటర్ పేపర్ వేసి ఒక్క వరస పేర్చి, మూత మీద టేపు చుట్టి, కవర్లో పెట్టి, బ్యాగులో నిటారుగా కాకుండా బల్లపరుపుగా ఉండేలా సర్దాలి. వీపు బ్యాగులో అది కుదరదు. చేతి సంచిలో పెట్టుకోవడమే మంచిది.

కారప్పొడి, మసాలా పొడులు చేతి బ్యాగులో ఒప్పుకోరు. కందిపొడిలోనూ కారం ఉంటుంది, ఆపితే వాదించి లాభం లేదు. నెయ్యి ద్రవం కిందే లెక్క. పచ్చళ్లలో నూనె తేలేవి, మిరప పచ్చళ్లు ఆపేస్తారు. మిగతావి దేశంలో ప్రయాణాలకు ఒక్కోసారి వదులుతారు, ఒక్కోసారి వదలరు. చెకింగ్ దగ్గరున్న సిబ్బందిదే ఆఖరి మాట. విదేశీ ప్రయాణానికి పచ్చడి కూడా 100 మిల్లీలీటర్ల రూల్లోకే వస్తుంది. ఎండు కొబ్బరి చేతి బ్యాగులోనూ వద్దు, చెక్-ఇన్‌లోనూ వద్దు. నూనె ఎక్కువుండి తనంతట తానే వేడెక్కి అంటుకునే గుణం ఉందని దాన్ని ప్రమాదకర వస్తువుల్లో చేర్చారు. గుళ్లో ఇచ్చిన కొబ్బరి చిప్పలు ఎండబెట్టి తీసుకెళ్లే అలవాటున్నవాళ్లు ఇది గమనించాలి.

చేపల పులుసు సంగతి అడగనే వద్దు. రెండో రోజుకే రుచి అన్నది నిజమే, రైలు దాకా అయితే ఎలాగో తీసుకుపోవచ్చు, విమానంలోకి రానివ్వరు. తినాలంటే ఇంటికి రావాల్సిందే.

మరి పిల్లలకు పచ్చళ్లు, పొడులు ఎలా? విడిగా పంపండి. హైదరాబాద్, విజయవాడ లాంటి చోట్లకు ఆర్టీసీ కార్గో ఉంది, బస్టాండులోనే పార్శిల్ ఇవ్వొచ్చు. దూరమైతే స్పీడ్ పోస్టు. గాజు సీసాలు కాదు, పచ్చళ్ల కొట్లలో వేడితో అతికించే ప్యాకెట్లుంటాయి, ఇంటి పచ్చడి తీసుకెళ్లినా కొందరు ప్యాక్ చేసి ఇస్తారు. ఐదు కిలోల పచ్చడి బ్యాగులో మోసుకెళ్లి, అధిక బరువుకు కౌంటర్లో డబ్బు కట్టి, భుజం నొప్పి తెచ్చుకోవడం కన్నా ఇది చవక.

సర్దే వరస

చీరలు కొన్నప్పుడు ఇచ్చే జిప్ కవర్లు పారేయకండి. బజార్లో సర్దుకునే పౌచ్‌లు డబ్బు పెట్టి కొనేవాళ్లున్నారు, వీటికన్నా గొప్పవేం కావు. పైబట్టలకు ఒకటి, లోపలి బట్టలకు ఒకటి, మాసినవాటికి ఖాళీది ఒకటి.

చొక్కా గుండీలన్నీ పెట్టి బోర్లా పరవండి. చేతులు వెనక్కి మడవండి, నిలువుగా సగానికి మడిచి చేత్తో గాలి పోయేలా ఒత్తండి. కాలరు దగ్గర నుంచి కాకుండా కింది అంచు నుంచి చుట్టుకుంటూ రండి, కాలరు చివరికి పైకి వస్తుంది, నలగదు. టీ షర్టులు, ప్యాంట్లు, లుంగీ అన్నీ ఇలాగే. పట్టుచీర మాత్రం చుట్టొద్దు, జరీ విరుగుతుంది. మెత్తటి పాత గుడ్డలో మడతగా చుట్టి, వీపుకు ఆనే వైపు బల్లపరుపుగా పెట్టాలి.

బరువైనవి వీపుకు దగ్గరగా, బ్యాగు మధ్యలో ఉండాలి. బరువు బయటి వైపుకు పోతే బ్యాగు వెనక్కి లాగుతుంది, మెట్లెక్కేటప్పుడు తెలుస్తుంది. చెప్పుల్లో సాక్సులు కుక్కి, కవర్లో చుట్టి అడుగున. తిండి మధ్యలో. ఛార్జర్లు, పవర్ బ్యాంకు, ద్రవాల కవర్ బయటి జేబులో, ఎందుకంటే చెకింగ్ ట్రేలో తీసి పెట్టాల్సినవి అవే. మందులు, నీళ్ల సీసా, తుండు చేతికి అందేలా.

తూకం

ఇంట్లో బరువు చూసుకునే మిషను ఉంటే బ్యాగుతో ఒకసారి, లేకుండా ఒకసారి ఎక్కి తేడా చూడండి. కొక్కెంతో వేలాడదీసే చిన్న త్రాసు కొనుక్కున్నా మంచిదే. ఏదీ లేకపోతే వీధిలో బియ్యం కొట్లోనో, పాత పేపర్ల కొట్లోనో ఎలక్ట్రానిక్ కాటా ఉంటుంది. అడిగితే కాదనరు.

ఏడుకు సరిగ్గా ఏడు పెట్టకండి. ఆరున్నర దగ్గర ఆపండి. మీ కాటాకూ, కౌంటర్ కాటాకూ వంద రెండొందల గ్రాముల తేడా రావొచ్చు. ఎక్కువైతే ముందు తీయాల్సింది బట్టలు కాదు, పుస్తకం, పవర్ బ్యాంకు, స్టీలు వస్తువులు. సర్దిన బ్యాగు తగిలించుకుని వీధి చివర దాకా నడిచి రండి. అక్కడే భుజం లాగితే సెంట్రల్ మెట్లమీద ఇంకేం మోస్తారు?

బరువైన జర్కిన్, బూట్లు ఒంటి మీద పెట్టుకుని పోతే బ్యాగు తేలికవుతుందని అందరూ చెబుతారు. నిజమే గానీ నెల్లూరు బస్టాండులో మిట్టమధ్యాహ్నం జర్కిన్ వేసుకుని నిలబడమని నేను చెప్పను. బ్యాగుకు బయట కట్టుకుని, విమానాశ్రయం ఏసీలోకి వెళ్లాక వేసుకోండి.

విమానాశ్రయంలో

చెక్-ఇన్ సామాను లేకపోతే ముందురోజే ఫోన్‌లో వెబ్ చెక్-ఇన్ చేసుకుని, నేరుగా సెక్యూరిటీకి వెళ్లొచ్చు. కౌంటర్ వరుసలో నిలబడక్కర్లేదు. దేశీయ విమానాలకు కౌంటర్లు సాధారణంగా గంట ముందు మూసేస్తారు, సామాను వేసేవాళ్లకు రైలు ఆలస్యమైతే అక్కడే ప్రాణం మీదికి వస్తుంది. మీకు ఆ గంట లెక్క లేదు, గేటు మూసే టైమే లెక్క. అది ఇండిగోలో 25 నిమిషాల ముందు. అయినా గూడూరు దగ్గర రైలు ఆగిపోయిన రోజుల్ని దృష్టిలో పెట్టుకుని తగినంత ముందే బయలుదేరండి.

దిగాక బెల్టు దగ్గర ఎదురుచూసే పనీ లేదు. మన సామాను ఇంకా రాలేదని అందరూ నిలబడి చూస్తున్నప్పుడు మీరు బయట టీ తాగుతుంటారు. ఇది చెప్పుకోవడానికి చిన్నదే గానీ రాత్రి పదకొండుకు దిగినప్పుడు చాలా పెద్దది.

అక్కడ ఉతుక్కోవడం

ఈ కాసిని బట్టలతో ఏడు రోజులు గడపాలంటే రోజు విడిచి రోజు రాత్రి కొంచెం ఉతకాలి. పది నిమిషాల పని. స్నానం చేసేటప్పుడే చొక్కా, లోపలి బట్టలు నానబెట్టి సబ్బు ముక్కతో రుద్ది జాడించండి. మెలితిప్పి పిండకండి. ఆరిన తుండు పరిచి, దానిమీద చొక్కా పరిచి, రెండూ కలిపి గట్టిగా చుట్టి, ఆ చుట్టను కింద పెట్టి కాలితో అదమండి. నీళ్లన్నీ తుండులోకి పోతాయి. తర్వాత హ్యాంగరుకు తగిలించి ఫ్యాను కింద వేలాడదీస్తే పొద్దుటికి ఆరుతుంది. చెన్నై, ముంబై లాంటి సముద్రం పక్క ఊళ్లలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి కాటన్ ఆలస్యమవుతుంది, కాటన్ పాలియెస్టర్ కలిసిన చొక్కాలు నయం. నైలాన్ తాడు రెండు మీటర్లు, నాలుగు పిన్నీసులు ఉంటే దండెం మన దగ్గరే ఉన్నట్టు.

ఇష్టం లేనివాళ్లు లాండ్రీలో వేసుకోవచ్చు. హోటల్ లాండ్రీ ఒక్కో చొక్కాకు కొత్త బనీను కొన్నంత తీసుకుంటుంది. పక్క వీధిలో ఇస్త్రీ బండి ఎక్కడుందో వాచ్‌మన్‌ను అడగండి.

తిరుగు ప్రయాణం

వెళ్లేటప్పుడు తిండి ఆక్రమించిన చోటు వచ్చేటప్పుడు ఖాళీగా ఉంటుంది. ఢిల్లీ శాలువా, పిల్లలకు బొమ్మ, ఆ కిలోన్నరలోకే రావాలి. అక్కడ ఎంత చవక అనిపించినా ఇత్తడి దీపం, గాజు సామాను కొనేముందు ఏడు కిలోలు గుర్తు తెచ్చుకోండి. తప్పదనుకుంటే అక్కడి నుంచే స్పీడ్ పోస్టులో పంపేయండి, మీకన్నా రెండు మూడు రోజులు వెనకగా వస్తుంది.

ఇంటికొచ్చి బ్యాగు విప్పేటప్పుడు వాడని వస్తువులు ఒక పక్క పెట్టి, వాటి పేర్లు ఒక చీటీ మీద రాయండి. మందులు, గొడుగు రాయొద్దు, అవి వాడకపోతేనే మంచిది. స్నానం కవర్లో అయిపోయిన షాంపూ ప్యాకెట్లు, పేస్టు అప్పుడే నింపేసి చీటీతో పాటు బ్యాగు లోపలి జేబులో పెట్టేయండి. మళ్లీ ఊరికి బయలుదేరినప్పుడు అమ్మకు కిలోన్నర గుర్తుచేయడం ఒక్కటే మిగులుతుంది.